వీత్య కూర్చున్న నిమిషం

ముందుగా ఒట్టు

మా ఇంటి దేవుడి మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు, నాకు రోజూ ముద్ద పెట్టే నా మైకుసెట్టు మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. మెట్‌పల్లిలో నన్ను ఎరిగినవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారని నాకు తెలుసు. మా చెరువులో పట్టిన చేప కడుపులో నా పాత చేతిగడియారం దొరికిందనీ, అది ఇంకా సరైన టైమే చూపిస్తోందనీ ఒకప్పుడు చెప్పినవాణ్ణి నేనే. అది పెళ్ళిపందిట్లో కరెంటు పోయినప్పుడు జనాన్ని కూర్చోబెట్టడానికి చెప్పిన మాట. ఇది అలాంటిది కాదు.

పోయిన చలికాలం మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ మాట్లాడుతలేడురా తమ్మీ. ఇదివరకు గంటసేపు ముచ్చట పెట్టెటోడు. ఇప్పుడు ఊఁ అంటడు, ఆఁ అంటడు, పెట్టేస్తడు. పానం బాగలేదో, మనసు బాగలేదో. ఓసారి పోయి సూసి రా."

మా బావ మల్లేశం పద్దెనిమిదేళ్ళ నుంచి దుబాయ్‌లో ఉన్నాడు. దుబాయ్ అంటే దుబాయ్ కాదు. మా దగ్గర ఆ దేశమంతటికీ అదే పేరు. ఆయన ఉండేది అబుదాబి పక్కన ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో. నెలరోజుల విజిట్ వీసా తీసుకొని, అక్క కట్టిచ్చిన మామిడికాయ తొక్కు మోసుకొని బయల్దేరాను.

ఐకాడ్: సామాను మీద కూర్చున్నవాళ్ళు

విమానాశ్రయానికి బావ వ్యాను తెచ్చాడు. ఆ దేశపు రోడ్ల మీద బండ్లు ఎట్లా పోతాయో వీడియోల్లో చూసి భయపడుతూ వెళ్ళినవాణ్ణి. బావ బండిని అరవై స్పీడు దాటనివ్వలేదు. నీళ్ళ ట్యాంకరు మమ్మల్ని దాటిపోయింది. చెత్తలారీ దాటిపోయింది. ఎడ్లబండి ఉంటే అదీ దాటి, వెనక్కి తిరిగి చూసి నవ్వేది.

"బావా, బండికేమన్న అయిందా?"

"బండి మంచిగనే ఉంది," అన్నాడు. ఇరవై కిలోమీటర్లలో ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

గదిలో ఆరుగురు. నాకోసం ఏడో పరుపు వేశారు. ఆ రోజు వంట వంతు నిజామాబాదాయనది. పచ్చిపులుసు, గుడ్డు పొరటు. పొద్దున్నే కొట్లో చాయ్ ఒక దిర్హాం. దాన్ని రూపాయల్లోకి మార్చి చూడొద్దని గదిలోవాళ్ళంతా నాకు నచ్చజెప్పారు. మారిస్తే చాయ్ గొంతు దిగదట. నేను మార్చాను. నిజంగానే దిగలేదు.

బావ మొదట్లో కంపెనీ బస్సు నడిపేవాడు. నాలుగేళ్ళుగా ఫంక్షన్లకు స్పీకర్లు, లైట్లు పంపే ఒక చిన్న కంపెనీలో డ్రైవరు. నేను ఊళ్ళో చేసే పనే, ఏసీ గోదాములో. రెండేళ్ళుగా ఆయన బండి ఒక పాటల జట్టుకే పోతోంది.

"రష్యావోళ్ళు," అన్నాడు గోదాము తాళం తీస్తూ. "అమెరికాల ఇరవై ఏండ్లు పాడిన్రు. ఐదుగురు పోయిన్రట అక్కడికి. ముగ్గురొచ్చిన్రు ఇక్కడికి. ఇప్పుడు ఇద్దరు."

"మూడో ఆయన?"

బావ డ్రమ్ములు మోయడం మొదలుపెట్టాడు. అంత పెద్ద డ్రమ్ము సెట్టును ఆయన పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, అన్నిటికంటే ముందు బండిలో పెట్టాడు.

గెన్నాడి వచ్చాడు. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టుకు రబ్బరు బ్యాండు, చేతిలో గిటారు పెట్టె. పాడేది ఆయనే. వెనకాల బోరిస్. లావుపాటి మనిషి, లావుపాటి తీగల గిటారు వాయిస్తాడు. బోరిస్‌కు హిందీ వచ్చు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి టాకీసులో పాత హిందీ సినిమాలు చూసి నేర్చుకున్నాడట. అందుకని ఆయన హిందీలో ప్రేమ, అమ్మ, కన్నీళ్ళు, ప్రతీకారం తప్ప వేరే మాటలు తక్కువ. చాయ్ కొట్టాయనను "మేరీ జాన్, ఏక్ చాయ్" అని అడుగుతాడు.

వాళ్ళ జట్టు పేరుకు తెలుగులో అర్థం "తడిసిన అగ్గిపెట్టె". సరైన పేరే పెట్టుకున్నారు.

సామానంతా ఎక్కించాక ఎక్కి పోతారనుకున్నాను. గెన్నాడి ఒక పెట్టె మీద కూర్చున్నాడు. బోరిస్ గోదాము మెట్టు మీద కూర్చున్నాడు. బావ నేలమీద గొంతుక్కూర్చొని నన్నూ కూర్చోమని సైగ చేశాడు. ఎవరూ మాట్లాడలేదు. ప్రయాణానికి ముందు ఒక నిమిషం ఊరికే కూర్చోవడం వాళ్ళ ఆచారమట. కూర్చోకుండా పోతే దారి మంచిది కాదట.

సరిగ్గా ఆ నిమిషం మధ్యలో నాకు తుమ్మొచ్చింది. ఆపుకోవాలని చూశాను. ఆపిన తుమ్ము రెండింతలై వచ్చింది.

బావ ముఖం పాలిపోయింది. "ఆగాలె. నీళ్ళు తాగినంకనే పోవాలె," అని సీసా తెచ్చి అందరి చేతా తాగించాడు. గెన్నాడికి సంగతి చెప్తే మురిసిపోయాడు. మీక్కూడా ఉందా ఇలాంటిది అని ఇంకో నిమిషం కూర్చున్నాడు. ముదీర్, అంటే వాళ్ళ మేనేజరు, ఫోన్ చేస్తూనే ఉన్నాడు. బావ తీయలేదు.

అల్ ఐన్ దారి: పొగమంచులో ఇరవై ఏళ్ళు

అల్ ఐన్ దారంతా పొగమంచు. ఎంత చిక్కగా ఉందంటే చెయ్యి బయటపెట్టి పక్కకు తోసుకుంటూ చూడాల్సి వచ్చింది. బావ నలభైలో నడిపాడు. ముందు బండి తోక దాదాపు తగిలేదాకా వచ్చినా హారన్ మాత్రం కొట్టలేదు. బ్రేకు వేశాడు, లైట్లు ఆర్పి వెలిగించాడు, కిటికీ దించి చెయ్యి ఊపాడు. హారన్ మీద చెయ్యి పడలేదు. అది చెడిపోయిందేమో అనుకున్నాను.

అంత మెల్లగా పోతుంటే ఏ మనిషైనా కథ చెప్తాడు. నాది డిగ్రీలో తప్పిన ఇంగ్లీషు, గెన్నాడిది అమెరికాలో అరిగిన ఇంగ్లీషు. రెంటికీ బాగానే పొత్తు కుదిరింది.

ఐదుగురూ ఒకే ఫ్యాక్టరీ ఊరి పిల్లలు. ఊళ్ళోనే జట్టు కట్టుకొని, నలభై దగ్గరపడ్డాక న్యూయార్క్ చేరారు. మొదటి కచేరీ నేలమాళిగ హోటల్లో. తమ దేశంవాళ్ళే వచ్చేవారు, కానీ వాళ్ళకు కావాల్సింది ఇంటి దగ్గర వదిలొచ్చిన పాత పాటలు. సొంత పాటలు రెండే రెండు, అవీ కేకు కోశాక, అందరూ నములుతున్నప్పుడు. ఒక రికార్డు వేశారు. టాక్సీ డ్రైవర్లు కొన్నారు. అది విని ఒక కంపెనీ పిలిచింది, ఇంగ్లీషులో పాడమంది. నాలుగు నెలలు సాధన చేశారు.

"ఆ రోజు పాడాను," అన్నాడు గెన్నాడి. "పాడింది విన్నాం. వేరేవాళ్ళ పళ్ళసెట్టు పెట్టుకొని పాడినట్టుంది. మొదట వీత్య నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. నవ్వుతూనే బయటికొచ్చాం. మా అదృష్టం ఆ గదిలోనే ఉండిపోయింది."

వీత్య అంటే డ్రమ్ములాయన. అమెరికాలో పగలు టాక్సీ నడిపి సాయంత్రం డ్రమ్ములు కొట్టేవాడు.

వీళ్ళ పాటలకు పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళకు పిల్లలు పుట్టారు. ఆ పిల్లలు కచేరీకొచ్చి "నాన్నా, ఈయన ఏమంటున్నాడు?" అని ఇంగ్లీషులో అడిగేవారట. ఒకాయన జట్టు వదిలి పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరాడు. ఒకాయన దేశానికి తిరిగిపోయాడు. కరోనాలో హోటలు మూతపడింది. తమ జనం కొత్తగా దుబాయ్‌కి తరలి వస్తున్నారని విని, మిగిలిన ముగ్గురూ ఇటొచ్చారు.

"మా జనం ఎక్కడికి పోతే వాళ్ళ వెనకాల మేం పోయాం. పెళ్ళి వెనకాల బ్యాండు పోయినట్టు."

"మా దగ్గర బ్యాండు పెళ్ళికి ముందు నడుస్తది," అన్నాను.

"అదృష్టవంతులు," అన్నాడు.

అల్ ఐన్: మంగమ్మ పులుసు, బావ మాట

అల్ ఐన్‌లో కచేరీ ఒక రష్యా వ్యాపారి విల్లాలో, ఆయన పుట్టినరోజుకు. బావ డ్రమ్ములన్నీ దించి, తివాచీ మీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టి, ఎక్కడివక్కడ అమర్చాడు. వెనకాల స్టూలు వేసి దుమ్ము తుడిచాడు. కొట్టేవాడు లేడు. నా వృత్తిలో ఎన్నో వింతలు చూశాను గానీ, ఖాళీ స్టూలుకు మైకు పెట్టడం ఎన్నడూ చూడలేదు.

పాటలు మొదలయ్యాయి. దరువు పడాల్సిన చోట వాళ్ళు ఏమీ నింపలేదు. అక్కడ ఖాళీ వదిలేసి పాడుకుంటూ పోయారు. మెట్టు ఉందనుకొని అడుగేస్తే కాలు కిందికి జారినట్టు, విన్న ప్రతిసారీ నా గుండె జారింది. పుట్టినరోజు పెద్దమనిషి పళ్ళెం పట్టుకొని ఏడ్చాడు.

వంటింటి గుమ్మంలోంచి ఒకావిడ పలకరించింది. "ఏవండీ, తెలుగోళ్ళాండీ మీరు?" రాజోలు దగ్గర పల్లె, పేరు మంగమ్మ. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వంట. యజమానుల విందులో మాకు మిగిలేది ఉడకబెట్టిన దుంపలేనని, మాకోసం విడిగా చేపల పులుసు పెట్టింది. వంజరం చేప కిలో ఎంతో చెప్పి, మా ఊరి ధర అడిగి, ముక్కుమీద వేలేసుకుంది.

"ఈళ్ళు పాట ఇనేటప్పుడు ఏడుత్తారండీ, తాగేటప్పుడు ఏడుత్తారండీ. పనిలో మాత్రం ఏడవరు," అంది. "మనం పనిలో ఏడుత్తాం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు నవ్వుతాం."

బావ అన్నం కలుపుతూ ఆగిపోయాడు. ఆ ముద్ద మళ్ళీ ఎత్తలేదు.

తెల్లారి ఖర్జూరం తోటల పక్క కాలువ గట్టు మీద నడుస్తుంటే బావ నోరు విప్పాడు. నెలన్నరగా మూసుకున్న నోరు.

"ఆ రోజు రువైస్ల ప్రోగ్రాంకు పోవాలె. పొద్దుగాల. ముదీర్ ఫోన్ల తిడుతుండు, ఇంక ఎల్లలేదా అని. ఈళ్ళు ముగ్గురు బిల్డింగ్ కింద సామాన్ల మీద కూసున్నరు. అప్పుడప్పుడు కూసుంటరు, నేను సూసిన. ఎందుకో నాకేం ఎరుక? బద్ధకమనుకున్న. హారన్ కొట్టిన. ఒకటి గాదు, మూడు. యల్లా యల్లా, నడువుండ్రి అన్న. లేచి ఎక్కిన్రు."

"తర్వాత?"

"తరీఫ్ దాటినంక చాయ్‌కి ఆపిన. ఇద్దరు దిగిన్రు. వీత్య నిద్రల ఉన్నడనుకున్న. పోయి భుజం తట్టిన." బావ తన భుజమే తట్టుకున్నాడు. "గుండె ఆగిందన్నరు డాక్టర్లు. ఎంత దూరం నుంచి గట్ల ఉన్నడో ఎవ్వరికీ తెల్వదు, బామ్మర్ది. నేను రేడియో పెట్టుకొని నడిపిన."

కాలువలో నీళ్ళు పోతున్నాయి. నాకు అబద్ధం కూడా ఏదీ తోచలేదు.

"ఆస్పత్రి వరండాల బోరిస్ అన్నడు, ఆజ్ హమ్ బైఠే నహీఁ అని, ఇయ్యాల మేం కూసోలే అని. ఎవల్నీ అనలే, ఉత్తగనే అన్నడు. అప్పుడడిగితే చెప్పిండు, కూసునుడు ఎందుకో. నేను తుమ్మితే ఆగుతా. పిల్లి అడ్డమొస్తే ఆగుతా. ఎదుటోని నమ్మకం మీద మాత్రం హారన్ కొట్టిన."

"బావా, గుండె హారన్‌తోని ఆగుతదా?"

"నాకు తెల్సు. నాకు చెప్పకు." గట్టు మీది రాయిని కాలువలోకి తన్ని అన్నాడు, "గెన్నాడి నన్ను ఒక్క మాట అనలే. తిడితే బాగుండు. రువైస్ల ఆగిపోయిన ప్రోగ్రాం రేపు. దాని తర్వాత జట్టు ఖలాస్. ఈయన కజకిస్తాన్ల చెల్లె దగ్గరికి పోతడు, బోరిస్ అమెరికాకు. మళ్ళ దొరకరు. నాకు ఇంగ్లీష్ అంత రాదు. నువ్వడుగు. నా మీద కోపం ఉందా అని అడుగు. ఉందంటే ఈ బండి తాళాలు ఇచ్చేసి కూలి పనికి పోత. నాకు స్టీరింగ్ పట్టుకోబుద్ధి అయితలేదు."

తరీఫ్ దాటాక: అదే చాయ్ కొట్టు

రువైస్ దారి పొడవునా ఒకవైపు ఇసుక, ఇంకోవైపు కూడా ఇసుకే. అప్పుడప్పుడు సముద్రం కనబడి, తప్పు దారిలో వచ్చినట్టు వెంటనే మాయమవుతుంది. బావ అరవైలోనే ఉన్నాడు. వాళ్ళిద్దరూ ఆ నెలన్నరలో ఒక్కసారి కూడా తొందరపెట్టలేదట.

చాయ్ కొట్టు మలయాళీ ఆయనది. బావను చూసి ఏమీ అడగకుండా నీళ్ళసీసా తెచ్చి ముందు పెట్టాడు. చాయ్ రెండు దిర్హాములు, పరాటా మూడు. ఎడారిలోకి పోయినకొద్దీ ధర పెరిగి పరాటా చిన్నదవుతుందని గమనించాను.

గెన్నాడి కొట్టు వెనక్కి సిగరెట్టుకు వెళ్ళాడు. బావ నా వైపు చూశాడు. నేను వెళ్ళి అడిగాను. హారన్ సంగతి, ఆ నిమిషం సంగతి, తాళాల సంగతి, అంతా చెప్పి అడిగాను.

గెన్నాడి చెప్పింది ఇది. "వీత్య కూర్చున్నాడు. మేం కిందికి దిగకముందే, గదిలో. బూట్లు వేసుకొని, మంచం అంచు మీద, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని, ఒక్కడే కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. నిమిషం కంటే ఎక్కువే. అతని ప్రయాణంలో ఏ లోటూ లేదు. కింద కూర్చున్నది మా ఇద్దరికోసం. మీ బావకు చెప్పు."

నేను వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మంచం మీదనా?" అన్నాడు బావ.

"మంచం అంచు మీద."

"చేతులు?"

"మోకాళ్ళ మీద."

"బూట్లు ఏసుకున్నంకనా?"

"ఏసుకున్నంకనే, బావా."

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మలయాళీ ఆయన టీవీ గొంతు పెంచాడు, బావ ఏడుపు ఎవరికీ వినబడకుండా. చాలాసేపటికి లేచి, బావ బండి అద్దం నీళ్ళతో కడిగాడు.

ఆ తర్వాత బండి ఎనభై అందుకుంది. తర్వాత నూరు. ఒకచోట ట్రాలీలారీ ఒకటి నిద్రమత్తులో మా వరసలోకి జరిగింది. బావ హారన్ కొట్టాడు. నెలన్నర తర్వాత మొదటి హారన్. ముందు సీట్లో ఉన్న గెన్నాడి ఒక్కసారి కళ్ళు మూసుకొని తెరిచాడు. 

రువైస్: స్టూలు

రువైస్ కంపెనీ ఊరు. ఒకే రకం ఇళ్ళు, ఒకే రకం చెట్లు, దూరంగా ఫ్యాక్టరీ గొట్టాల చివర మంటలు. క్లబ్బు హాల్లో నలభై మందికి మించి లేరు. సగంమంది బఫే కోసం వచ్చినవాళ్ళు. ముప్పై ఏళ్ళ జట్టుకు ఆఖరి కచేరీ అని వాళ్ళకెవరికీ తెలియదు. చెప్పనివ్వలేదు గెన్నాడి.

బావ ఎప్పటిలాగే డ్రమ్ములు అమర్చి స్టూలు తుడిచాడు. మొదలుపెట్టేముందు వాళ్ళిద్దరూ స్టేజీ మీదే పెట్టెల మీద కూర్చున్నారు. బావ కిందికి దిగబోతుంటే గెన్నాడి పిలిచాడు. "మల్లేషా." స్టూలు వైపు చెయ్యి చూపించాడు.

బావ బెదిరిపోయాడు. "నాకు కొట్టరాదు, నో, నో," అన్నాడు.

"కొట్టొద్దు," అన్నాడు గెన్నాడి. "కూర్చో."

బావ కూర్చున్నాడు. నిమిషం అయిపోయింది, లేవబోయాడు. గెన్నాడి తల అడ్డంగా ఊపాడు. వీత్య రాసిన పాట ఒకటి ఉందట. ఇరవై ఏళ్ళు కేకు కోశాక మాత్రమే పాడిన పాట. అది మొదలుపెట్టారు. మా బావ, జగిత్యాల జిల్లా మల్లేశం, కంపెనీ చొక్కాలో, అన్ని డ్రమ్ముల మధ్యన, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని పాట అయిపోయేదాకా కదలకుండా కూర్చున్నాడు. దరువు ఉండాల్సిన చోట ఎప్పటిలాగే ఖాళీ వచ్చింది. ఈసారి నా కాలు జారలేదు. అక్కడ ఎవరో ఉన్నారు.

బఫే దగ్గర ఒకాయన నన్నడిగాడు, ఆ డ్రమ్మరు ఎందుకు వాయించడం లేదని.

"ఆయనది ఆ పనే," అన్నాను.

కచేరీ అయిన నాలుగో రోజు విమానాశ్రయం ముందు వాళ్ళిద్దరూ సూట్‌కేసుల మీద కూర్చున్నారు. బావ, నేను కాలిబాట మీద. పోలీసాయన వచ్చి బండి తీయమన్నాడు. బావ ఒక వేలు ఎత్తి చూపించాడు, ఒక్క నిమిషం అని. ఆ పోలీసు కూడా మాతో కూర్చున్నాడని రాద్దామనుకున్నాను గానీ ఒట్టు గుర్తొచ్చి మానుకున్నాను. ఆయన నిలబడే ఉన్నాడు. నిమిషం అయ్యాక బోరిస్ మా బావను కావలించుకొని, తనకొచ్చిన హిందీలో "మేరే భాయ్" అన్నాడు. ఆ సినిమాల్లో ఆ మాట వచ్చాక ఇంటర్వెల్ అయినా రావాలి, శుభం అయినా పడాలి. వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు.

ఒట్టు తీసి గట్టున పెట్టి

ఇప్పుడు ఒప్పుకోలు. అమ్మ మీద వేసిన ఒట్టు కాబట్టి బరువుగా ఉంది, దించుకోవాలి.

పొగమంచు కొంచెం పెంచాను, అది లెక్కలోది కాదు. మంగమ్మ నిజం, పులుసు నిజం, స్టూలు నిజం. కల్పించింది ఒక్కటే. చాయ్ కొట్టు వెనకాల గెన్నాడి చెప్పాడని రాసిన మాటలు గెన్నాడివి కావు. మంచం అంచు నాది. బూట్లు నావి. మోకాళ్ళ మీది చేతులు కూడా నావే.

ఆయన నిజంగా చెప్పింది ఇది. "లేదు, కూర్చోలేదు. హారన్ వినగానే ముందు లేచింది వీత్యనే. నవ్వుతూ లేచాడు. టాక్సీవాడు కదా, హారన్ వింటే ఆగలేడు," అన్నాడు. సిగరెట్టు సగంలో పారేశాడు. "మల్లేషా మీద కోపం లేదంటే అబద్ధం. ఒక నెల ఉంది. రోజూ అతని బండిలో, అతని పక్కనే కూర్చొని కోపం పెట్టుకున్నాను. పోయినవారం వెతికితే కనబడలేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. ఇది అతనికెలా చెప్పాలో నాకు తెలియదు."

కొట్టు వెనక నుంచి ముందుకు పదిహేను అడుగులు ఉంటాయి. ఆ పదిహేను అడుగుల్లో నేను వీత్యను కూర్చోబెట్టాను. నేను బతుకంతా చెప్పిన అబద్ధాల్లో అంత త్వరగా తయారైంది ఇంకోటి లేదు.

గెన్నాడికి ఈ సంగతి తెలియదు. సాయంత్రం స్టూలు చూపించింది తనంతట తానే. చెప్పడం రాని మాట ఆయన అట్లా చెప్పాడు. ఆ ముక్క పొద్దునే తెలిసి ఉంటే నేను నోరు మూసుకొనేవాణ్ణి. కానీ బావ ఆ స్టూలు మీద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని కూర్చున్నది నా అబద్ధాన్ని నమ్మి. నేను చెప్పిన వీత్యలాగా కూర్చున్నాడు. అది చూసినప్పటి నుంచీ నాకు ఏ కోతా కోయబుద్ధి కావడం లేదు.

అక్క మొన్న ఫోన్ చేసింది. బావ మళ్ళీ గంటసేపు మాట్లాడుతున్నాడట. రష్యావాళ్ళ ఆచారం ఒకటుందని, బయల్దేరేముందు కూర్చోవాలని, మంచం అంచు మీదైనా సరే, ఒక్కరైనా సరే, అది చెల్లుతుందని గదిలోవాళ్ళందరికీ చెప్తున్నాడట. ఆ మంచం అంచు సంగతి రష్యాలో ఎవరికీ తెలియదు. ఐకాడ్‌లో ఒక గదిలో ఆరుగురు మనుషులు మాత్రం పొద్దున్నే పనికి పోయేముందు దాన్ని పాటిస్తున్నారు.

మీరెవరైనా అటు పోతే, ఆ గదికి వెళ్తే, వాళ్ళు కూర్చున్నప్పుడు మీరూ కూర్చోండి. మా బావకు మాత్రం చెప్పకండి.